వాడని కాంటాక్ట్ ఫోల్డర్లు: ఆర్కైవ్ చేయడం, అవసరమైతే మళ్లీ తెచ్చుకోవడం ఎలా?

పెళ్లి పనులు చేసేవాళ్లకు కాస్త ఊపిరి సలిపే నెల ఆషాఢం. మలక్‌పేటలోని మా క్యాటరింగ్ ఆఫీసులో కాంటాక్టుల దుమ్ము దులిపేది ఆ నెలలోనే. శ్రావణం మొదలైతే నంబర్లు వెతుక్కోవడానికే టైమ్ ఉండదు, సర్దడానికి ఎక్కడ ఉంటుంది?

ఈ పని గురించి ఏడాది పొడవునా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ నడిపేవారికి పాత బ్యాచ్‌ల లిస్టులు పెరిగిపోయాయి. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ సెక్రటరీగా ఉన్నవారి ఫోన్‌లో ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిన అద్దెవాళ్లంతా ఉన్నారు. నాంపల్లి నుమాయిష్‌లో స్టాల్ పెట్టేవారికి జనవరి, ఫిబ్రవరిల్లో తప్ప అవసరం లేని నంబర్లు వందల్లో ఉన్నాయి. ఉంచుకుంటే అడ్డం, తీసేస్తే మళ్లీ కావాలంటే ఎలా అన్న టెన్షన్. దీనికి దారి ఆర్కైవ్ చేయడం, అంటే కావాలంటే తిరిగి తెచ్చుకునేలా పక్కకు తీసి దాచడం.

మనలో ఎక్కువమంది వాడేది గూగుల్ కాంటాక్ట్స్ కాబట్టి వివరంగా దాన్నే చెబుతాను. ఔట్‌లుక్, ఐఫోన్, సీఆర్ఎం (కస్టమర్ల వివరాలు, లావాదేవీలు చూసుకునే సాఫ్ట్‌వేరు) వాడేవారికి తేడాలు చివర్లో ఉన్నాయి. అయితే చేయాల్సిన వరుస అన్నిటికీ ఒకటే.

## 1. ముందు ఇది తెలుసుకోండి: లేబుల్ అంటే బీరువాలో అర కాదు

గూగుల్ కాంటాక్ట్స్‌లో ఫోల్డర్ అని మనం అనుకునేది నిజానికి లేబుల్. బీరువాలో ఒక చీర ఒక అరలోనే ఉంటుంది. కాంటాక్ట్ అలా కాదు. ఒకే మనిషికి రెండు మూడు లేబుళ్లు ఉండొచ్చు. మనిషి మాత్రం ఒక్కరే. ఒక లేబుల్‌లో ఆ మనిషిని డిలీట్ చేస్తే మిగతా లేబుళ్లలోంచి కూడా పోతారు.

ఇది తెలియకే నేను దెబ్బతిన్నాను. నుమాయిష్ కోసం పెట్టుకున్న పాత లేబుల్‌ను కాంటాక్టులతో సహా డిలీట్ చేశాను. మాకు ఐస్ సప్లై చేసే ఆయన అందులోనూ ఉన్నారు, "సప్లయర్లు" లేబుల్‌లోనూ ఉన్నారు. ఆదివారం ముహూర్తానికి శనివారం సాయంత్రం ఫోన్ చేద్దామంటే నంబరు లేదు. ట్రాష్‌లో ఉంది కాబట్టి దొరికింది. నెల రోజులు దాటి ఉంటే అదీ ఉండేది కాదు.

అందుకే ఈ మార్గదర్శిలో డిలీట్ చాలా ఆలస్యంగా వస్తుంది. కాపీ తీయాలి, రెండు చోట్ల ఉన్నవాళ్లను విడదీయాలి, కాపీ తెరుచుకుంటోందో లేదో పరీక్షించాలి. ఆ తర్వాతే తీసేయాలి. ఈ వరుస మార్చకండి.

## 2. ఏది వెళ్లాలి, ఏది ఉండాలి

ప్రతి లేబుల్ దగ్గర ఆగి ఈ ప్రశ్నలు వేసుకోండి:

- గత ఏడాదిలో ఈ గుంపులో ఎవరికైనా మనం ఫోన్ చేశామా? వాళ్లు చేశారా?
- వీళ్లు ఫోన్ చేసినప్పుడు స్క్రీన్ మీద పేరు పడటం మనకు అవసరమా?
- వీళ్ల దగ్గర బాకీ, అడ్వాన్స్, డిపాజిట్ లాంటి తెగని లెక్క ఏమైనా ఉందా?

రెండో ప్రశ్నను చాలామంది మరచిపోతారు. కాంటాక్ట్ తీసేశాక ఆ మనిషి ఫోన్ చేస్తే పేరు రాదు, నంబరే వస్తుంది. పాత కస్టమర్ కూతురి పెళ్లి చేసిన మనం, కొడుకు పెళ్లికి ఆయన ఫోన్ చేస్తే "ఎవరండీ?" అని అడిగే పరిస్థితి రాకూడదు. అలాంటివాళ్లు ఏళ్ల తరబడి పలకరించకపోయినా ఉండాల్సిందే.

మూడో ప్రశ్నకు "ఉంది" అని జవాబు వస్తే ఆ లేబుల్ జోలికి పోవద్దు. జీఎస్టీ ఉన్న వ్యాపారమైతే ఇంకో మాట. లెక్కల పుస్తకాలు, రికార్డులను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలని చట్టం చెబుతోంది. బిల్లు అడ్రసు, జీఎస్టీ నంబరు కాంటాక్ట్ నోట్‌లో మాత్రమే రాసుకునే అలవాటు ఉంటే, ముందు వాటిని లెక్కల్లోకి ఎక్కించండి.

ఇలా వడపోశాక మిగిలిన లేబుళ్లు రెండు రకాలుగా ఉంటాయి. నుమాయిష్ లిస్టులాగా ఏటా ఒకసారి పని పడేవి ఒక రకం. 2019 బ్యాచ్‌లాగా ఇక అవసరం రాకపోవచ్చు అనిపించేవి రెండో రకం. మొదటి రకానికి 4వ భాగం చాలు. రెండో రకానికి 5వ భాగం కావాలి.

## 3. మొదలుపెట్టే ముందు

ఫోన్‌లో కాదు, కంప్యూటర్‌లో చేయండి. బ్రౌజర్‌లో కాంటాక్ట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిస్తే లేబుళ్లన్నీ ఎడమ పక్కన కనిపిస్తాయి.

- పైన కుడి మూల ఏ అకౌంట్ ఉందో చూసుకోండి. ఇంటి జీమెయిల్, ఆఫీసు జీమెయిల్ రెండూ తెరిచి ఉన్న కంప్యూటర్‌లో తప్పులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.
- సిమ్‌లో, ఫోన్ మెమరీలో సేవ్ అయిన నంబర్లు గూగుల్‌లో ఉండవు. అవి ఉంటే ముందు గూగుల్ అకౌంట్‌కు మార్చండి.
- అదే అకౌంట్ ఆఫీసులో ఇంకెవరి ఫోన్‌లో ఉందో తెలుసుకుని వాళ్లకు చెప్పండి. ఇక్కడ తీసేసింది సింక్ కాగానే వాళ్ల ఫోన్‌లోనూ పోతుంది. డెలివరీకి వెళ్లిన కుర్రాడు దారిలో నంబరు లేక నిలబడిపోకూడదు.
- మొత్తం కాంటాక్టులన్నిటినీ ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే ఫైలుగా బయటికి తీసి పక్కన పెట్టండి. ఏ తప్పు జరిగినా ఈ ఫైలు కాపాడుతుంది.
- ఒక కాగితం మీద ప్రతి లేబుల్ పేరు, దాని పక్కన కనిపించే అంకె రాసుకోండి. ఆ అంకెలతో చివరి దాకా పని ఉంటుంది.

వాట్సాప్‌లో చాట్‌ను ఆర్కైవ్ చేయడానికీ దీనికీ సంబంధం లేదు. అక్కడ చాట్ పక్కకు వెళ్తుంది, కాంటాక్ట్ అలాగే ఉంటుంది. ఇక్కడ కాంటాక్ట్ తీసేస్తే చాట్ పోదు కానీ పేరు బదులు నంబరు కనిపిస్తుంది. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టుల్లో ఆ మనుషులు ఉంటే ముందే చూసుకోండి.

## 4. తేలికైన ఆర్కైవ్: డిలీట్ లేకుండా

ఏటా ఒకసారి పని పడే లేబుల్‌కు ఇది సరిపోతుంది.

మొదట పేరు మార్చండి. లేబుల్ పేరుకు ముందు "హ-పాత" అని పెట్టండి. తెలుగు పేర్లుంటే అవి అక్షర క్రమంలో కిందికి జరుగుతాయి, రోజూ వాడే లేబుళ్లు పైన ఉంటాయి. ఇంగ్లిష్ పేర్లు వాడేవారు జెడ్ అక్షరం పెట్టుకోవచ్చు.

తర్వాత దాచండి. లేబుల్ తెరిచి అందరినీ సెలెక్ట్ చేయండి. మూడు చుక్కల మెనూలో "హైడ్ ఫ్రమ్ కాంటాక్ట్స్" నొక్కండి. వాళ్లు ప్రధాన లిస్టులో కనబడరు. లేబుల్ తెరిచినా, పేరుతో వెతికినా దొరుకుతారు.

దాచే ముందు ఆ గుంపులో రోజువారీ పని ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూసుకోండి. ఐస్ ఆయన లాంటివాళ్ల దగ్గర ఈ లేబుల్ టిక్ తీసేసి, వాళ్లను దాచకుండా వదిలేయండి.

దాచాక ఒక్క పరీక్ష చేయండి. ఆ గుంపులో తెలిసిన ఒకరి చేత మీకు ఫోన్ చేయించుకోండి. మీ ఫోన్‌లో పేరు పడుతోందా, నంబరే వస్తోందా? పేరు రావాల్సిన గుంపు అయితే, వచ్చిన ఫలితాన్ని బట్టి అలాగే ఉంచడమో, దాచింది వెనక్కి తీయడమో చేయండి.

## 5. పూర్తి ఆర్కైవ్: వరుసగా ఆరు అడుగులు

### 5.1 ఆ లేబుల్‌ను ఎక్స్‌పోర్ట్ చేయండి

లేబుల్ తెరిచి, ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఏ గుంపు కావాలో, ఏ రకం ఫైలు కావాలో అడుగుతుంది. గుంపు దగ్గర మీ లేబుల్ పేరే ఉందో లేదో చూడండి.

ఫైలు రకాలు మూడు ఉంటాయి: గూగుల్ సీఎస్‌వీ, ఔట్‌లుక్ సీఎస్‌వీ, వీకార్డ్. సీఎస్‌వీ అంటే కామాలతో విడదీసిన పట్టిక ఫైలు, వీకార్డ్ అంటే ఫోన్లు చదవగల కాంటాక్ట్ ఫైలు. నేను రెండు తీస్తాను. గూగుల్ సీఎస్‌వీ తిరిగి గూగుల్‌కే తేవడానికి, వీకార్డ్ రేపు ఫోనో సాఫ్ట్‌వేరో మారితే అందులోకి ఎక్కించడానికి. ఔట్‌లుక్ వాడనివారికి ఔట్‌లుక్ సీఎస్‌వీతో పని లేదు.

ఫైలు పేరులో ఏడాది, లేబుల్ పేరు, ఎంతమంది, తీసిన తేదీ ఉండాలి. "2019-బ్యాచ్-312మంది-2025-07-10" అని ఉంటే ఐదేళ్ల తర్వాత ఎవరు చూసినా అర్థమవుతుంది. "కాంటాక్ట్స్ (3)" అని వదిలేస్తే రేపు మీకే అర్థం కాదు.

### 5.2 ఆ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరవకండి

జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, అందుకే కాస్త ఆగి చదవండి.

సీఎస్‌వీ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే ఎక్సెల్ తెరుచుకుంటుంది. ఫోన్ నంబరును అది లెక్కల్లో అంకె అనుకుంటుంది. +91లో ప్లస్ గుర్తు పోతుంది. మొత్తం 12 అంకెలయ్యేసరికి, దశాంశ బిందువు పెట్టి కుదించి చూపిస్తుంది. హైదరాబాద్ ల్యాండ్‌లైన్ ముందున్న 040లో మొదటి సున్నా ఎగిరిపోతుంది. తెలుగులో రాసుకున్న పేర్లు పిచ్చి గుర్తులుగా మారొచ్చు. చూసి మూసేస్తే నష్టం లేదు. మూసేటప్పుడు "సేవ్" నొక్కారా, ఆ పాడైన రూపమే ఫైలులో మిగిలిపోతుంది.

చూడాలనుకుంటే ఒక కాపీ చేసుకుని గూగుల్ షీట్స్‌లో ఇంపోర్ట్ చేయండి. అప్పుడు "టెక్స్ట్‌ను అంకెలుగా, తేదీలుగా మార్చాలా" అన్న చోట టిక్ తీసేయండి. ఎక్సెలే కావాలంటే డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలుగా తెచ్చుకుని, యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు సరిగ్గా చదివే పద్ధతి) ఎంచుకుని, ఫోన్ కాలమ్‌ను టెక్స్ట్ అని పెట్టండి. అసలు ఫైలు మాత్రం ముట్టుకోవద్దు.

### 5.3 రెండు చోట్ల ఉన్నవాళ్లను విడదీయండి

షీట్స్‌లో తెరిచిన కాపీలో లేబుళ్ల కాలమ్ ఉంటుంది. ఒకరికి ఒకటి కన్నా ఎక్కువ లేబుళ్లుంటే పేర్ల మధ్య ::: గుర్తు కనిపిస్తుంది. "మై కాంటాక్ట్స్" అన్నది దాదాపు అందరికీ ఉంటుంది, దాన్ని వదిలేయండి. అది కాకుండా మీరు పెట్టుకున్న ఇంకో లేబుల్ పేరు ఎవరి దగ్గర ఉందో వాళ్లను గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు గూగుల్ కాంటాక్ట్స్‌కు వచ్చి, వాళ్ల దగ్గర పాత లేబుల్ టిక్ మాత్రమే తీసేయండి. ఇక పాత లేబుల్‌లో నిజంగా వెళ్లాల్సినవాళ్లే మిగులుతారు. 312 మందిలో 17 మందిని విడదీస్తే 295 కనిపించాలి. ఈ కొత్త అంకెను కాగితం మీద రాయండి.

### 5.4 కాపీ పనిచేస్తుందో పరీక్షించండి

పరీక్షించని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్క వేయను. పది నిమిషాల పని ఇది, దయచేసి దాటవేయకండి.

ఇంకో గూగుల్ అకౌంట్ ఖాళీది ఒకటి పెట్టుకోండి. అందులోకి సీఎస్‌వీ ఇంపోర్ట్ చేసి వీటిని చూడండి:

- మొత్తం సంఖ్య ఫైలు పేరులో రాసిన అంకెతో సరిపోయిందా?
- తెలుగు పేర్లు సరిగ్గా ఉన్నాయా?
- రెండు నంబర్లున్న మనిషికి రెండూ వచ్చాయా?
- నోట్‌లో రాసుకున్న విషయం ఉందా?
- +91, 040 అలాగే ఉన్నాయా?

సంఖ్య తగ్గితే ఆ ఫైలును నమ్మకండి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఫొటోల కోసం మాత్రం సీఎస్‌వీ మీద ఆధారపడొద్దు, అది అక్షరాల ఫైలు. పరీక్ష అయ్యాక ఆ అకౌంట్‌ను ఖాళీ చేసేయండి.

### 5.5 ఫైలును దాచండి

రెండు చోట్ల ఉంచండి. డ్రైవ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్క్‌లోనో ఒకటి. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇందులో ఉన్నవి మన నంబర్లు కావు, మనల్ని నమ్మి ఇచ్చినవాళ్లవి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, ఒకరి అడ్రసు, పిల్లల పేర్లు ఉన్న ఫైలును ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పడేయడం తప్పు. సీఎస్‌వీకి పాస్‌వర్డ్ పెట్టడం కుదరదు. సెవెన్-జిప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో పాస్‌వర్డ్ పెట్టి జిప్ చేయండి. ఆ పాస్‌వర్డ్ మీతో పాటు నమ్మకమైన ఇంకొకరికి తెలిసి ఉండాలి.

### 5.6 ఇప్పుడు తీసేయండి

లేబుల్ తెరిచి, అందరినీ సెలెక్ట్ చేయండి. పైన కనిపించే అంకె కాగితం మీది 295తో సరిపోతేనే డిలీట్ నొక్కండి. ఒక్కటి తేడా ఉన్నా ఆగి చూడండి.

ఖాళీ అయిన లేబుల్‌ను తర్వాత తీసేయొచ్చు. లేబుల్ డిలీట్ చేసేటప్పుడు రెండు దారులు చూపిస్తుంది: కాంటాక్టులు ఉంచి లేబుల్ మాత్రమే తీసేయడం, కాంటాక్టులతో సహా తీసేయడం. ఎప్పుడూ మొదటిదే ఎంచుకోండి. నేను దెబ్బతిన్నది రెండోదాని దగ్గరే.

డిలీట్ చేసిన రోజు నుంచి 30 రోజులు వాళ్లు ట్రాష్‌లో ఉంటారు. క్యాలెండర్‌లో 25వ రోజుకు ఒక రిమైండర్ పెట్టుకోండి. ఆ నెలలో ఎవరి నంబరు కోసమైనా వెతుక్కున్నారా అని ఆ రోజు ఆఫీసులో అందర్నీ అడగండి.

## 6. వెనక్కి తెచ్చుకోవడం

ఎప్పుడు పోయింది, ఎంత పోయింది అన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

ఒకరిద్దరు, 30 రోజుల లోపు: ట్రాష్ తెరిచి, ఆ మనిషిని ఎంచుకుని "రికవర్" నొక్కండి. తర్వాత లేబుల్ ఉందో లేదో చూసి, లేకపోతే మళ్లీ పెట్టండి.

పొరపాటున పెద్ద గుంపే చెదిరిపోయింది, 30 రోజుల లోపు: సెట్టింగ్స్ చక్రంలో "అన్‌డూ ఛేంజెస్" ఉంటుంది. పది నిమిషాలు, గంట, రోజు, వారం, లేదా 30 రోజుల లోపు మీకు నచ్చిన సమయం ఎంచుకోవచ్చు. కానీ ఇది ఒక్క లేబుల్‌ను కాదు, మొత్తం కాంటాక్టులనే ఆ సమయానికి తీసుకెళ్తుంది. ఆ తర్వాత చేర్చుకున్న కొత్త నంబర్లు పోతాయి. అందుకే నొక్కే ముందు ఇప్పుడున్నదంతా ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేయండి.

30 రోజులు దాటింది: ఇక మీరు దాచుకున్న ఫైలే గతి. ఇలా చేయండి:

1. ఇప్పుడున్న కాంటాక్టులన్నిటినీ ఎక్స్‌పోర్ట్ చేసి పక్కన పెట్టండి.
2. ఆర్కైవ్ ఫైలు కాపీలో ఒక్క మనిషి వరుసే ఉంచి, దాన్ని ఇంపోర్ట్ చేసి చూడండి.
3. అది బాగుంటే అసలు ఫైలు ఇంపోర్ట్ చేయండి. గూగుల్ ఒకసారికి 3,000 కాంటాక్టులే తీసుకుంటుంది. అంతకు మించితే ఫైలును ముక్కలు చేయాలి, ప్రతి ముక్కకూ మొదటి శీర్షిక వరుస తప్పకుండా ఉండాలి.
4. ఇంపోర్ట్ చేసేటప్పుడే "తిరిగి వచ్చినవి" అని ఒక లేబుల్ ఇవ్వండి. ఏదైనా తేడా వస్తే ఈ గుంపునే తీసేయొచ్చు.
5. సంఖ్య సరిచూడండి.
6. "మెర్జ్ అండ్ ఫిక్స్" తెరిచి డూప్లికేట్లు చూడండి. అన్నీ కలిపే బటన్ నొక్కకుండా, ఒక్కొక్కటే చూస్తూ కలపండి.

ఆరోది ఎందుకంత నెమ్మదిగా చేయాలి? మెర్జ్ చేస్తే పాత నంబరు కూడా కొత్త కాంటాక్ట్‌లోకి వచ్చి చేరుతుంది. ఆయన ఆ నంబరు వదిలేసి మూడేళ్లయి ఉండొచ్చు. మన దేశంలో ఆపేసిన మొబైల్ నంబరును కనీసం 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. అంటే మీరు పంపే బిల్లు, పెళ్లి మెనూ ఎవరో తెలియని మనిషికి వెళ్తుంది.

అందుకే పాత ఫైలులోంచి వచ్చినవాళ్లకు గుంపుగా మెసేజ్ పెట్టే ముందు ఫోన్ చేయండి. "నమస్తే అండీ, ఫలానా గారేనా మాట్లాడేది?" అని ముందు పేరు నిర్ధారించుకోండి. ఆ తర్వాతే మీ సంగతి చెప్పండి. కాదన్నవాళ్ల నంబరు అక్కడికక్కడే తీసేయండి.

## 7. వేరే సాఫ్ట్‌వేరు వాడేవారికి

పాత తరహా ఔట్‌లుక్. ఇక్కడ ఉండేవి నిజమైన ఫోల్డర్లే. ఆటో-ఆర్కైవ్ ఆన్‌లో ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి, అది మెయిళ్లను పక్కకు తీస్తుంది కానీ కాంటాక్టులను ముట్టుకోదు. ఫైల్ మెనూలో ఇంపోర్ట్-ఎక్స్‌పోర్ట్ ద్వారా ఆ ఫోల్డర్‌ను పీఎస్‌టీ ఫైలుగా (ఔట్‌లుక్ సొంత డేటా ఫైలు) తీయండి. తిరిగి చూడాలంటే ఆ పీఎస్‌టీని ఔట్‌లుక్‌లో తెరిస్తే చాలు. డిలీట్ చేయకుండా అడ్రస్ బుక్‌లో కనబడకుండా చేయాలంటే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో అడ్రస్ బుక్‌గా చూపించే టిక్ తీసేయండి.

ఐఫోన్. ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో డేటా రికవరీ భాగంలో కాంటాక్టుల పాత ప్రతులు ఉంటాయి, గత 30 రోజులవి. అది కూడా మొత్తాన్ని మారుస్తుంది, ఒక్క గుంపును కాదు.

సీఆర్ఎం. ఇక్కడ కాంటాక్ట్‌తో పాటు డీల్స్, బిల్లులు, మెయిళ్లు ముడిపడి ఉంటాయి. కాబట్టి డిలీట్ జోలికి పోకుండా "ఇనాక్టివ్" అని ఒక ఫీల్డ్ పెట్టి, రోజూ చూసే వ్యూలో వాళ్లు రాకుండా ఫిల్టర్ చేయడం మేలు. ఆ కాంటాక్టులకు ఆటోమేటిక్ మెసేజ్‌లు వెళ్తున్నాయేమో చూసి ఆపండి. జోహో సీఆర్ఎంలో డిలీట్ అయిన రికార్డులు రీసైకిల్ బిన్‌లో 60 రోజులు ఉంటాయి. గూగుల్ లెక్క ఇక్కడ పనికిరాదు.

## 8. తరచూ వచ్చే ఇబ్బందులు

వెబ్‌లో తీసేసినా ఫోన్‌లో ఇంకా కనిపిస్తున్నారు. ఆ నంబరు సిమ్‌లోనో ఫోన్ మెమరీలోనో ఉంది, లేదా సింక్ ఆగిపోయింది. కాంటాక్ట్ తెరిచి ఎక్కడ సేవ్ అయిందో చూడండి.

ఇంపోర్ట్ చేస్తే పేరున్న చోట నంబరు, నంబరున్న చోట అడ్రసు వచ్చింది. ఫైలులో ఎవరో కాలమ్ జరిపారు, లేదా శీర్షిక వరుస పోయింది. "తిరిగి వచ్చినవి" లేబుల్‌లోని గుంపును తీసేసి, ముట్టుకోని అసలు ఫైలుతో మళ్లీ మొదలుపెట్టండి.

నంబర్లన్నీ కుదించిన అంకెలుగా ఉన్నాయి. ఎక్సెల్‌లో సేవ్ అయిన ఫైలది. కాలమ్‌ను టెక్స్ట్ చేసినంత మాత్రాన పోయిన అంకెలు తిరిగి రావు. వీకార్డ్ కాపీ తీసి ఉంటే అందులో నంబర్లు పూర్తిగా ఉంటాయి, దాన్నే ఇంపోర్ట్ చేయండి.

జిప్ పాస్‌వర్డ్ మరచిపోయాం. దీనికి దారి లేదు. 5.5లో రెండో మనిషికి చెప్పమన్నది ఇందుకే.